నాయనకు చిక్కని చేప

చింతపండు వాసన తగిలితే ఎవరికైనా నోట్లో నీళ్లూరతాయి. నాకు మాత్రం చెవులు వేడెక్కుతాయి. పోయిన నెల హిందూపురంలో మా మామ తన మండీ వెనకనున్న పాత ఇల్లు ఖాళీ చేస్తున్నాడని కబురు చేస్తే, నాయనా నేనూ ధర్మవరంలో పాసింజరెక్కి వెళ్లాం. మామ అంటే అమ్మ తమ్ముడు, మా వాళ్లందరిలో మగ్గం వదిలి చింతపండు వ్యాపారంలోకి దిగి నాలుగు రాళ్లు వెనకేసుకున్నవాడు. సరుకు గదిలో గోనెసంచుల వెనక ఒక పెద్ద టీవీ తప్పు చేసిన పిల్లాడిలా గోడవైపు మొహం పెట్టుకుని నిలబడి ఉంది. పక్కనే కవర్లో నల్ల కళ్లద్దాలు. ఒకదాన్ని తీసి చూస్తే అద్దం మూలన, ఫ్రేము సందులో, పిసరంత కుంకుమ ఇంకా అంటుకునే ఉంది. చింతపండు వాసన ఒకవైపు, ఆ కుంకుమ ఒకవైపు. చెవులు మళ్లీ వేడెక్కాయి.

ఆ టీవీ వచ్చిన యేడు నేను ఆరో తరగతి. ధర్మవరంలో మా వీధిలో పొద్దున నిద్ర లేపేది కోడి కాదు, మగ్గం. ఒక ఇంట్లో మొదలైన టకటకకు పక్కింటి టకటక తోడై, కాసేపటికి వీధి మొత్తం ఒకే చప్పుడయ్యేది. పండగొచ్చి ఆ చప్పుడు ఆగితేనే మాకు చెవుల్లో ఏదో తక్కువైనట్టుండేది. అద్దకం ఇళ్ల నుంచి వచ్చే కాలువలో నీళ్లు ఒకరోజు ఎర్రగా, ఇంకోరోజు ఆకుపచ్చగా పారేవి, రేపు ఏ రంగు పారుతుందోనని మేము పందేలు కాసుకునేవాళ్లం. దండేల మీద ఆరేసిన పట్టుదారాల చిలపల కింద దూరి ఆడుకుంటే తడిపట్టు వాసన జుట్టుకు పట్టుకుని, స్నానం చేసినా పోయేది కాదు. సాయంత్రమైతే మూలమీద అంగడిలో ఉగ్గానీ, మిరపకాయ బజ్జీ. నాయన మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చునేవాడు కాబట్టి నడుము పైనే కనిపించేవాడు. చాలా చిన్నప్పుడు మా నాయన అంత పొట్టివాడే అనుకునేదాన్నని అమ్మ చెప్పి చెప్పి నవ్వేది.

మా వీధిలో ఒక రివాజు ఉండేది. ఎవరింట్లోనైనా పెళ్లిచీర మగ్గమెక్కితే, నేసేది ఎవరైనా సరే, తొలిపోగు మాత్రం చేయి మంచిదని పేరున్న మనిషి చేత వేయించేవాళ్లు. ఆ మనిషి పెళ్లాంబిడ్డలతో చల్లగా ఉండాలి, ఒంట్లో ఏ లోపమూ ఉండకూడదు. మా చుట్టుపక్కల ఆ పేరు నాయనది. కబురొస్తే ఉతికిన పంచె కట్టుకుని వెళ్లి, కాళ్లు కడుక్కుని, గుంతలో దిగి, కళ్లు మూసుకుని దండం పెట్టుకుని, దారం కండె ఉండే నాడెను ఒక్కసారి అటు నుంచి ఇటు విసిరి లేచొచ్చేవాడు. అంతే పని. దానికి ఆకూవక్కా, కొబ్బరిచిప్పా ఇచ్చి గుమ్మం దాకా సాగనంపేవాళ్లు. తోడుపోయిన నాకు బెల్లంముక్క. వచ్చేటప్పుడు నాయన నడకే వేరుగా ఉండేది. పట్టు ఇచ్చి నేయించుకునే మాస్టరు దగ్గర కూలికి నేసే మనిషికి వీధిలో ఉన్న గౌరవమంతా ఆ ఒక్క పోగులో ఉంది, ఆ సంగతి నాకూ తెలుసు.

దసరాకు మగ్గానికి పసుపూ కుంకుమా పెట్టి పూజ చేసుకుని, మర్నాడు పొద్దున్నే హిందూపురానికి, అమ్మ వాళ్లమ్మ మా అవ్వ దగ్గరికి బయల్దేరడం మాకు ఏటా ఉండేదే. పెనుకొండ స్టేషన్లో గంపలతో ఎక్కే ఆడవాళ్ల దగ్గర సీతాఫలాలు కొనాల్సిందే. కొండా కోటగోడలూ కిటికీలోంచి వెనక్కి పోతుంటే, చేతులు జిగటజిగటగా చేసుకుని, గింజ ఎవరు దూరం ఊస్తారోనని నేనూ నాయనా పోటీ పడేవాళ్లం. ఎవరిమీదా పడకుండా చూసుకోమని అమ్మ అరుస్తూ ఉండేది. ఆ యేడు దారి పొడుగునా ఒకటే మాట: మామ బెంగుళూరు నుంచి కొత్తరకం టీవీ తెచ్చాడంట, కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే బొమ్మ బయటికొచ్చి మీద పడుతుందంట.

మామ ఇల్లంటే ముందు మండీ, వెనక ఇల్లు. చింతపండు వాసన దాటితే నేతివాసన, ఓళిగలు కాలుస్తున్న అవ్వ. అవ్వకు అప్పుడే ఒక కంటికి శుక్లాల ఆపరేషనై, ఆ కంటికి పచ్చగుడ్డ కట్టి ఉంది; అయినా పొయ్యి దగ్గర నుంచి లేస్తే ఒట్టు. ఆయుధపూజనాడు తక్కెడకూ మోటరుబండికీ మిక్సీకీ బొట్లు పెట్టిన చేత్తోనే కొత్త టీవీకీ పెట్టింది. అక్కడితో ఆగితే బాగుండేది. కళ్లద్దాలు కూడా యంత్రమే కదా అని ఒక్కో అద్దం నడిమధ్యన తడి గంధం, దానిమీద కుంకుమ అద్దింది. మేము వెళ్లేసరికి మామ ఇంకా తల పట్టుకునే ఉన్నాడు.

"ఏందమ్మా ఇది, యాడ పడితే ఆడ బొట్లు పెట్టేది. ఎన్ని దుడ్లు పోసి తెచ్చినానో తెలుసునా?"

"దుడ్లు పోసినావనే పెట్టినారా. నాకేం బుద్ధి లేకనా?" అంది అవ్వ.

తుడిచినంత తుడిచారు. రోజూ వచ్చే వార్తలూ సీరియళ్లూ అందులోనూ మామూలుగానే వచ్చేవి. బొమ్మ బయటికొచ్చేది టీవీతో పాటు ఇచ్చిన ఒక డిస్కులోనే, అదీ సముద్రం అడుగున చేపల బొమ్మ. అయినా వీధంతా వచ్చింది. అద్దాలు కొన్నే కాబట్టి వంతులవారీగా కూర్చోబెట్టేవాడు మామ. నా వంతు రాగానే ఒక పసుపు చేప తెర లోంచి ఈదుకుంటూ వచ్చి నా ముక్కు ముందర ఆగి నోరు తెరిచింది. అమ్మతోడు, దాని పొట్ట మీద పొలుసులు లెక్కపెట్టేంత దగ్గర. కెవ్వుమని వెనక్కి పడ్డాను. మా అమ్మ చెయ్యి చాపి పట్టుకోబోయి, ఏమీ దొరక్క, సిగ్గుపడి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. పక్కింటి ముసలాయన చొక్కా తడిసిందేమోనని చూసుకున్నాడు. అంత సంతోషం నేను మళ్లీ ఏ టీవీ ముందరా చూడలేదు.

నాయన వంతొచ్చింది. అద్దాలు పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. చేప వచ్చినప్పుడు పక్కవాళ్లంతా వెనక్కి జరిగారు, నాయన ఒక క్షణం ఆగి అప్పుడు జరిగాడు. వాళ్లు చేతులు చాపారు, నాయన వాళ్లను ఓరకంట చూసి తనూ చాపాడు. పెళ్లిలో మంత్రం రానివాడు పక్కవాడి నోరు చూసి పెదాలాడించినట్టు. నేను చూశాను. మామ కూడా చూశాడు.

"ఎట్లుండాది బావా?"

"బో బాగుండాది. మీదికే వస్తాండాయి."

మామకు చిలిపితనం ఎక్కువ. అందరికీ సైగచేసి, నాయనకు తెలియకుండా రిమోటు నొక్కి, బొమ్మ బయటికి రావడం ఆపేశాడు. తక్కినవాళ్లు చప్పుడు చేయకుండా అద్దాలు తీసేశారు. తెరమీద చేపలు ఇప్పుడు మామూలు టీవీలో లాగే ఈదుతున్నాయి. "బావా, అదో వస్తాంది, పట్టుకో" అన్నాడు మామ. నాయన ముందుకు వంగి, నాడె విసిరే ఆ కుడిచేయి చాపి, గాలిని గుప్పెట పట్టాడు. "తప్పించుకున్యా" అన్నాడు. "ఇంగోటి వస్తాంది, పట్టు." మళ్లీ పట్టాడు. నవ్వులు మొదలయ్యాక కూడా, ఆ నవ్వు చేపను చూసేనని అనుకుని, తనూ నవ్వుతూ ఇంకోసారి పట్టాడు. అప్పుడు పక్కకు తిరిగి చూశాడు. ఎవరి కళ్లకూ అద్దాలు లేవు.

"బొట్టు అడ్డమొచ్చినట్టుండాది" అన్నాడు నెమ్మదిగా, అద్దాలు తీసి పంచెతో తుడుస్తూ. ఇల్లు మళ్లీ ఒకసారి నవ్వింది.

నాకు ఒళ్లంతా సిగ్గేసింది. మామ మీద కోపం రాలేదు, నాయన మీద సిగ్గొచ్చింది. కనపడకపోతే కనపడలేదని చెప్పొచ్చు కదా, ఎందుకీ వేషం అనిపించింది. సరుకు గదిలోకి పోయి చింతపండు తట్టల మధ్యన కూర్చున్నాను, అక్కడి వాసన ముక్కులోకి ఎక్కి నేటికీ దిగలేదు. ఆ గది కిటికీ పెరట్లోకి ఉంది. కాసేపటికి నాయన చేతులు కడుక్కునే నెపంతో తొట్టి దగ్గరికి వచ్చాడు, వెనకే అవ్వ.

"ఏమప్పా, నాకూ ఒగ చేపా బయటికి రాల్య. కంటికి గుడ్డ కట్టినారు గదా, ఒంటికంటికి అది పలకదేమో అనుకుంటి. నీకెందుకు రాల్య?" అంది. అవ్వ విస్తరాకు ఒకటి తీసి ఇచ్చింది. "ఇది కుడికంటికి అడ్డం పెట్టుకో. నేను కనపడతాండానా?"

నాయన ఆకు కుడికంటికి అడ్డం పెట్టుకుని అవ్వ వైపు చూశాడు.

"మసగ్గా ఉండాదత్తా. చిన్నప్పట్నుంచీ అంతే. రెండు చేతుల్లో ఒగటి వాటం, ఒగటి కాదు గదా. కండ్లు గూడా అందరికీ అట్లే ఉంటాయనుకుంటి."

అవ్వ విస్తరాకు తీసుకుని మడిచింది. "ఎవురికీ చెప్పొద్దు. నీ చేత్తో తొలిపోగు ఏపిస్తారు" అంది.

నేను కిటికీ కింద కూర్చుండిపోయాను. నాయనకు నేను బంతి విసిరితే ఎందుకు పట్టలేకపోయేవాడో, నీళ్లు పోస్తే ఒక్కోసారి గ్లాసు పక్కన ఎందుకు పోసేవాడో అన్నీ ఒకటొకటిగా అర్థమయ్యాయి. మర్నాడు పొద్దున రైలెక్కాం. పెనుకొండలో సీతాఫలాలు కొన్నాం గానీ, గింజల పోటీ పెట్టడానికి ఇద్దరికీ మనసు రాలేదు.

ఆ తరవాత నాయన తొలిపోగు వేయలేదు. పిలిస్తే ఒకసారి జ్వరమన్నాడు, ఒకసారి చెయ్యి బెణికిందన్నాడు. కొన్నాళ్లకు పిలవడం మానేశారు. "ఆయప్పకు శానా గీర వచ్చింది" అని కాలువ దగ్గర ఆడవాళ్లు అనుకుంటుంటే విన్నాను. అమ్మ కూడా అదే అనుకుని సణిగేది. నేత మాత్రం ఎప్పటిలాగే సాగింది. ఏ చీరకూ ఆ కంటి వల్ల ఒక్క పోగు తప్పలేదు. మామ ఇంట్లో మాత్రం ఏ శుభకార్యమైనా ఎవరో ఒకరు "బావా, చేప ఎట్ల పట్టినావు, ఒగసారి చూపీ" అనేవాళ్లు. నాయన చెయ్యి చాపి గాలిని పట్టి చూపించేవాడు. నేను మంచినీళ్లకని లోపలికి పోయేదాన్ని. తెలివితక్కువవాడని నవ్వించుకున్నా సరే, కన్ను సంగతి బయటపడకూడదని కదా ఈ మనిషి ఇట్లా ఆడుతున్నాడు, పేరంటే ఇంత ఆశా అని లోలోపల చిన్నబోయేదాన్ని.

పోయిన నెల ఇల్లు ఖాళీ చేసేటప్పుడూ అదే జరిగింది. పాత సామాన్ల మనిషి టీవీని ఆటోలోకి ఎక్కిస్తుంటే మామ మనవడు కవర్లోంచి అద్దాలు లాగి, ఇవేంటని అడిగాడు. ఇప్పుడు అట్లాంటి టీవీలు ఎవరూ చేయడం లేదంట, కొన్నేళ్లకే ఆపేశారంట. మామ నవ్వుతూ కథంతా చెప్పాడు. ఆ పిల్లవాడు పరుగున వచ్చి అద్దాలు నాయనకు పెట్టాడు. నాయన జుట్టంతా తెల్లబడింది. చేయి చాపాడు. గాలిని పట్టాడు.

"చిక్కిందా తాతా?"

"లేదప్పా, జారిపాయ."

అందరూ నవ్వారు. నేను లోపలికి పోలేదు, పోవడానికి అక్కడ సామాను లేని గదులే ఉన్నాయి.

తిరుగు రైల్లో, ఆనాడు కిటికీ కింద అంతా విన్నానని చెప్పి, అడిగేశాను. మా వీధిలో ఇప్పుడు మరమగ్గాలు, ఆ టకటక పోయి ఒకటే రొద. పెళ్లిచీర ఎవరిదో నేసేవాడికే తెలియదు. తొలిపోగు అనే మాట విన్న పిల్లలు కూడా లేరు. అవ్వ పోయింది. ఆ టీవీ కూడా పోయింది. "ఇంగా ఎవరి కోసం నాయనా దాచేది? కన్ను సంగతి చెప్పేస్తే ఏం పోతుంది? నీకు సిగ్గు గాదా, ప్రతిసారీ ఆ చేప?"

పెనుకొండ కొండ కిటికీలోకి వచ్చింది. గంపలతో ఎవరూ ఎక్కలేదు.

"నాకు సిగ్గేందిమ్మా. తెలీనప్పుడు శానామంది ఆడపిల్లోళ్ల చీరలకు తొలిపోగు ఏసింటి. మన వీధిలో ఆ మూలింటి పాప మొగుడు పాయ. ఇంగొగామెకు బిడ్డల్లేరు. ఈపొద్దు నేను ఒంటికన్నోన్నని చెప్తే, వాళ్లు ఆ చీర బయటికి తీసి ఏమనుకోవాల? వాళ్ల కష్టానికి నా కన్ను కారణమాయనని అనుకోరా? చేప పట్టి నవ్విస్తే ఎవురికీ ఏమీ పోదు గదా."

అన్ని యేళ్లుగా తన పేరు కోసమే ఆ వేషం అనుకున్న నాకు, ఆ మాటతో తలెత్తి ఆయన మొహం చూడ్డానికి ధైర్యం చాల్లేదు. సంచిలోంచి ఆ కుంకుమ అంటిన అద్దాలు తీశాను, పిల్లవాడి దగ్గర అడిగి తెచ్చుకున్నవి. నాయన వాటిని తీసుకుని, పంచె అంచుతో మెల్లగా తుడిచి, మళ్లీ నా చేతిలో పెట్టాడు. కుంకుమ పోలేదు.