బానెట్ కింద నల్లదారం

సౌదీలో, ధహ్రాన్‌లోని అబూ నాయిఫ్ ఇంట్లో తాను డ్రైవరును కాదు, ఇంటి మనిషినని గౌస్ మొహిద్దీన్ గట్టిగా నమ్మేవాడు. నమ్మడానికి అక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు అక్కర్లేదు, వీసా ఇచ్చిన కఫీల్ సంతకమూ అక్కర్లేదు. అందుకని ఎంత కావాలంటే అంత నమ్మాడు. రాయచోటికి ఫోన్ చేసినప్పుడల్లా భార్య మహబూబ్బీతో మా పాపకు పరీక్షలు, మా పాపకు ఉద్యోగమొచ్చింది అని చెప్పేవాడు. ఇద్దరు మగపిల్లల్ని కని, వాళ్ళను ఒంటిచేత్తో పెంచిన మహబూబ్బీ మొదట్లో, "మీ పాపా? నాకు తెలీకుండా యెప్పుడు పుట్నాది?" అని నవ్వేది. తర్వాత్తర్వాత నవ్వడం మానేసి, తనే ముందుగా ఆ పాప బాగోగులు అడగడం మొదలుపెట్టింది.

ఆ పాప అబూ నాయిఫ్ కూతురు లమ్యా. మొహిద్దీన్ లారీ తోలడం మానుకుని సౌదీ వచ్చేనాటికి ఆమె అప్పుడప్పుడే బడికి వెళ్తోంది. తల్లి పోయి ఎంతో కాలం కాలేదు. బడి దారిలో ఒక అండర్‌పాస్ ఉండేది. కారు అందులోకి దిగిందంటే చాలు, పిల్ల వెనక సీట్లో ముడుచుకుపోయి కెవ్వుమనేది. తండ్రి బుజ్జగించాడు, కసిరాడు, డాక్టరుకు చూపించాడు. ఏదీ పని చేయలేదు. చివరికి ఒకరోజు మొహిద్దీన్ తన పెట్టెలోంచి నల్లదారం ముక్క తీశాడు. ఊరి దర్గాలో ముజావరు మంత్రించి ముడులు వేసి ఇస్తే మహబూబ్బీ పంపిన దారం అది. దాన్ని పిల్ల మణికట్టుకు కట్టి, అంగీ చేతి లోపలికి తోసి, ఇది ఉండగా నిన్నేదీ ముట్టుకోదు, ఎవరికీ చూపించకు అన్నాడు. మర్నాడు అండర్‌పాస్‌లో పిల్ల ఏడవలేదు. దారం మహిమో, తన కోసం ఒకరు ఏదో చేశారన్న ధైర్యమో దేవుడికే తెలియాలి.

అప్పటినుంచి ఆ ఇంటికి ఏ కారు కొన్నా, బానెట్ కింద ఒక నల్లదారం ముక్క కట్టడం అతనికి అలవాటైంది. ఇంట్లో వంట చేసే పుష్పది కోనసీమ. ఆమె దగ్గర లమ్యా 'దిష్టి' అన్న మాట నేర్చుకుంది. కొత్త కారు వచ్చినప్పుడల్లా అరబ్బీ మధ్యలో ఆ ఒక్క మాటా గుచ్చి, "దిష్టి కట్టావా మొహిద్దీన్?" అని చెవిలో అడిగేది. అది వాళ్ళిద్దరి మధ్య రహస్యం, తెలిసిందల్లా పుష్పకే. రహస్యంగా ఉంచక తప్పదు కూడా. అక్కడ ముడులేసిన దారం అంటే చేతబడి. పెట్టెలో తాయెత్తు దొరికిందని పోలీసుల పాలైన పనిమనుషుల సంగతులు మొహిద్దీన్ వినకపోలేదు. ఐదు పూటలా వాళ్ళ వరసలోనే నిలబడి నమాజు చేసే మనిషి అయినా సరే, ఈ ఒక్క విషయంలో అతని మాట చెల్లదు. తెలిసీ కట్టేవాడు. పిల్ల అడిగితే కాదనడం అతనికి చేతకాదు, అదీ అతని జబ్బు.

ఆడవాళ్ళు కార్లు నడపొచ్చని చట్టం వచ్చాక, ఆ వీధిలో డ్రైవర్లు ఒక్కొక్కరే పెట్టె సర్దుకున్నారు. లమ్యా లైసెన్సు తీసుకుంది. తీసుకున్న రోజే తండ్రితో, "మొహిద్దీన్ ఉంటాడు" అంది. ఆ రెండు మాటలూ మొహిద్దీన్ రాయచోటి అంతా చాటాడు. ముసలివాడవుతున్న అబూ నాయిఫ్‌ను ఆస్పత్రికి తిప్పడానికి ఎవరో ఒకరు కావాలి కదా అన్న ఆలోచన అతని దరిదాపులకు రాలేదు. రానివ్వలేదు అంటే సరిగ్గా ఉంటుంది.

అలాంటి ఇంటికి ఈ కారు వచ్చింది. ఆకుపచ్చది, పొట్టిది, ముక్కు పొడుగుది, దాదాపు మొహిద్దీన్ ఈడుది. పాతకాలపు స్పోర్ట్స్ కారు. లమ్యా తన సంపాదనతో ఎవరో ముసలాయన గ్యారేజీలోంచి కొనుక్కుంది. దాని కంపెనీ పేరు నోరు తిరగక, మొహిద్దీనూ పుష్పా దానికి కప్ప అని పేరు పెట్టారు.

"రెండే సీట్లండీ బాబూ," అంది పుష్ప వంటింటి గుమ్మంలోంచి చూసి. "ఒకటి ఆవిడకి, రెండోది ఆవిడ బ్యాగుకి. మరి మీరెక్కడ కూర్చుంటారండీ, డిక్కీలోనా?"

"నాకెందుకు పుష్పమ్మా సీటు?" అన్నాడు మొహిద్దీన్. "ఇట్లాంటి పాత బండికి దినామూ ఏదో ఒకటి కావాల. సూసేదానికి నేనుండాల్ల్యా?"

అబూ నాయిఫ్‌కు ఈ కారు బొత్తిగా నచ్చలేదు. ఆయన పెద్ద ఆయిల్ కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. పాత యంత్రాన్ని చూస్తే ముందు ప్రమాదమే కనిపిస్తుంది. కూతురితో ఒక ఒప్పందం చేసుకున్నాడు. పాత కార్ల పిచ్చి ఉన్న తన స్నేహితుడు అబూ రాకాన్ శుక్రవారం వచ్చి బానెట్ ఎత్తి చూస్తాడు. అతను బాగుందంటే కారు ఉంటుంది. తేడా ఉంటే, కొన్నచోటికే పోతుంది.

గురువారం సాయంత్రం లమ్యా కారు షెడ్డు దగ్గరికి వచ్చింది. "నాన్న చూడకుండా దిష్టి కట్టు మొహిద్దీన్," అంది. "రేపు గట్టెక్కాలి."

మొహిద్దీన్ బానెట్ ఎత్తి చూసి కాసేపు తల గోక్కున్నాడు. ఈ కాలపు కార్లలో ఇంజను మీద నల్ల ప్లాస్టిక్ మూతలుంటాయి, వాటి కింద ఎక్కడైనా దారం కట్టొచ్చు. ఇందులో మూతల్లేవు. కార్బురేటర్లు, గొట్టాలు, తీగలు, అన్నీ బట్టబయలు. చివరికి ఇంజను వెనక, లోపలి గదికీ ఇంజనుకూ అడ్డంగా ఉన్న ఇనప గోడ మీద ఒక చిన్న రేకు బిళ్ళ కనిపించింది. ఏవో అంకెలు కొట్టి ఉన్నాయి. ఎవరు చూస్తారు దీన్ని అనుకున్నాడు. బిళ్ళ పక్కన తీగలను పట్టి ఉంచే క్లిప్పుకు దారం చుట్టి, ముడుల్ని బిళ్ళ వెనక్కి తోశాడు. పిల్ల గట్టెక్కాలని బిస్మిల్లా చెప్పి మరీ కట్టాడు.

శుక్రవారం సాయంత్రం అసర్ నమాజు తర్వాత అబూ రాకాన్ వచ్చాడు. తెల్లటి పొడుగు తోబ్ అంగీ చేతులు మోచేతుల దాకా మడిచి, చిన్న అద్దం, ఒక గుడ్డ పట్టుకుని ఇంజను మీదికి వంగాడు. తెలిసినవాడి చెయ్యి చూడగానే తెలుస్తుంది. రేడియేటర్ మూత తీసి లోపలి నీళ్ళ రంగు చూశాడు. ఆయిల్ వేలికి రాసుకుని వాసన చూశాడు. బ్యాటరీ కింది రేకును గోటితో గీకి తుప్పు ఎంత లోతుందో చూశాడు. పెట్రోలు గొట్టాల్ని ఒక్కొక్కటే నొక్కి, ఒకదాని దగ్గర ఆగి, "ఇది మార్చాలి, మిగతావి బాగున్నాయి," అన్నాడు. అబూ నాయిఫ్ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. లమ్యా తాళంచెవిని వేలికి తిప్పుతోంది. మొహిద్దీన్ దీపం పట్టుకున్నాడు.

గొట్టాల దాకా మొహిద్దీన్ కూడా సంతోషంగానే ఉన్నాడు. పిల్ల కారు పాసవుతోంది మరి.

"ఇక అసలు సంగతి," అన్నాడు అబూ రాకాన్. "పాత కారు విలువంతా నంబర్లలోనే ఉంటుంది. ఇంజను మీదున్నదీ, బిళ్ళ మీదున్నదీ ఒకటే కావాలి. లేదంటే ఎవడో ఇంజను మార్చినట్టు." చెయ్యి చాచి ఆ ఇనప గోడ వైపు వంగాడు. "దీపం ఇటు."

ఎవరూ చూడరని మొహిద్దీన్ దారం కట్టిన చోటే, పాత కార్లు తెలిసినవాడు తప్పకుండా వెతికే చోటు! చెయ్యి దానంతటదే దీపాన్ని పక్కకు తిప్పింది.

"అటు కాదు, యా మొహిద్దీన్. బిళ్ళ మీద."

దీపం బిళ్ళ మీద పడింది. అబూ రాకాన్ గుడ్డతో బిళ్ళను తుడిచాడు. వేలికి ఏదో తగిలి బయటికి వచ్చింది. నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కుని దేవుణ్ణి తలుచుకున్నాడు.

"పాత ఓనరు కట్టి ఉంటాడు," అన్నాడు అబూ నాయిఫ్ మెల్లగా. ఆయనకూ అదే నిజం కావాలని ఉంది.

"చుట్టూ ఏళ్ళనాటి దుమ్ము. దారం మీద చిటికెడు దుమ్ము లేదు," అన్నాడు అబూ రాకాన్. అని, మొహిద్దీన్ ముఖంలోకి చూశాడు.

అడిగితే అబద్ధమాడటం మొహిద్దీన్‌కు రాదు. "నేనే కట్టాను, బాబా," అన్నాడు. పనివాళ్ళు ఇంటి యజమానిని పిలిచే పిలుపు అది. "చెడు కళ్ళు పడకూడదని కట్టాను. మా ఊళ్ళో కడతాం. పాప మంచికే."

"అందరూ మంచికే అంటారు," అన్నాడు అబూ రాకాన్. "పోలీసులకు చెప్పు."

అబూ నాయిఫ్ కూతురి వైపు తిరిగాడు. "లమ్యా, నీకు తెలుసా? ఈ మనిషి ఇలాంటివి చేయడం నువ్వెప్పుడైనా చూశావా?"

ఆ ప్రశ్న విన్నాక మొహిద్దీన్‌కు నిజంగా ప్రాణం లేచి వచ్చింది. బతికానురా అనుకున్నాడు. పాప చెబుతుంది. నేనే కట్టమన్నాను నాన్నా అంటుంది. చిన్నప్పుడు నాకూ కట్టాడు, దాంతోనే నా భయం పోయింది అంటుంది. ఆయన కాసేపు అరుస్తాడు, కూతురు కాబట్టి సర్దుకుంటాడు. మహా అయితే కారు పోతుంది. ఇంతే కదా.

లమ్యా కారును చూసింది. చేతిలోని తాళంచెవిని చూసింది. మొహిద్దీన్‌ను మాత్రం చూడలేదు.

"లేదు," అంది. "ఎప్పుడూ చూడలేదు. అతను ఏదైనా కట్టడం నేనెరగను."

మొహిద్దీన్‌కు భయం వేయలేదు. సిగ్గు వేసింది. అంతసేపూ ఆమె నోటివైపు ఆశగా చూస్తూ నిలబడినందుకు ఒళ్ళంతా సిగ్గుతో మండిపోయింది.

అబూ నాయిఫ్ చెడ్డవాడు కాడు. పోలీసుల మాట వద్దన్నాడు. ఇన్నేళ్ళు మా ఉప్పు తిన్నావు, నిన్ను జైలుకు పంపను, కానీ నా కప్పు కింద ఇంకొక్క రోజు కూడా ఉండొద్దు అన్నాడు. అక్కడే నిలబడి జేబులోంచి ఫోన్ తీసి, కళ్ళజోడు సర్దుకుని, వేలితో నాలుగుసార్లు నొక్కాడు. తిరిగి రాకుండా దేశం విడిచిపొమ్మనే ఫైనల్ ఎగ్జిట్ పడిపోయింది. మొహిద్దీన్ నల్లజుట్టుతో వచ్చిన ఇల్లు అది.

ఆ తర్వాత జరిగింది అతను ఎవరికీ చెప్పుకోలేదు. అబూ రాకాన్ దారాన్ని పటకారుతో లాగి, ముడులు విప్పి, ఏదో చదువుతూ నీళ్ళలో వేశాడు. చేతులు కడుక్కుని మళ్ళీ ఇంజను మీదికి వంగాడు. పని సగంలో ఉంది కదా. "దీపం," అన్నాడు. మొహిద్దీన్ పట్టుకున్నాడు. బిళ్ళ మీది అంకెలూ ఇంజను మీది అంకెలూ చదివారు, కలిశాయి. "మబ్రూక్! అసలైన బండి," అని అభినందించాడు అబూ రాకాన్. తండ్రి కూతురి భుజం తట్టాడు. కూతురు నవ్వింది. వాళ్ళంతా లోపలికి వెళ్ళేదాకా మొహిద్దీన్ దీపం ఆర్పలేదు.

పెట్టె సర్దుకుంటుంటే పుష్ప గేటు పక్కనున్న అతని గదికి వచ్చింది. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"ఆవిడే కట్టమందని చెప్పెయ్యొచ్చు కదండీ," అంది కళ్ళు తుడుచుకుంటూ.

"నేను సెప్తే ఎవురు నమ్ముతారు పుష్పమ్మా? ఆయమ్మి సెప్పాల. సెప్పలే."

పుష్ప చెయ్యి మెడ దగ్గరికి వెళ్ళింది. అమ్మ కట్టిన తాయెత్తు అక్కడ ఉండేది. ఇప్పుడు లేదు. అప్పటికే తీసి ఎక్కడో పారేసింది. మొహిద్దీన్ అది చూసి, తెల్లారి తనను సాగనంపడానికి కూడా రావద్దని ఆమెకు చెప్పాడు.

పొద్దున టాక్సీ వచ్చి గేటు ముందు ఆగింది. మొహిద్దీన్ పెట్టె ఎత్తుకోబోతుంటే తలుపు దగ్గర లమ్యా నిలబడి ఉంది. అబాయా చేతి మడతలోంచి ఒక నల్లదారం తీసింది. కుట్టుమిషను దారం లాంటిది, ఎక్కడ దొరికిందో ఏమో. ఇటూ అటూ చూసి మణికట్టు చాచింది.

"ఇవాళ ఆ కారు తీస్తున్నాను," అంది. "అండర్‌పాస్ మీదుగానే వెళ్ళాలి. ఒక్కసారి కట్టు మొహిద్దీన్. దిష్టి."

క్షమించమని అంటుందేమోనని చూశాడు. అంత జరిగినా మళ్ళీ ఆమె నోటివైపే చూశాడు, బుద్ధి లేక. ఆమె అనలేదు. చెయ్యి అలాగే చాచి ఉంచింది, చిన్నప్పుడు చాచినట్టే.

"నాకు కట్టడం రాదు," అన్నాడు మొహిద్దీన్. "ఈ ఇంట్లో నేనెప్పుడూ ఏమీ కట్టలేదు. మీరే చెప్పారు కదా."

పెట్టె ఎత్తుకుని ఆమె పక్కనుంచి బయటికి నడిచాడు. టాక్సీ దగ్గరికి వెళ్ళి, అలవాటుగా డ్రైవరు తలుపు మీద చెయ్యి వేశాడు. లోపలున్న డ్రైవరు వింతగా చూస్తే, సర్దుకుని వెనక సీట్లో కూర్చున్నాడు. మంచి మాట అన్నాను, సరిగ్గా తగిలే మాట అన్నాను అని తనను తాను మెచ్చుకున్నాడు. టాక్సీ వీధి మలుపు తిరిగి అండర్‌పాస్‌లోకి దిగింది. గోడల మధ్య చీకటి పడగానే అతని పెదవులు కదిలాయి. యా అల్లా, పాప జాగ్రత్తగా దాటాల, ఆ పాత గొట్టం మార్చిందో లేదో, పాప జాగ్రత్తగా దాటాల. వెలుతురులోకి వచ్చాక ఏం మొక్కుకున్నాడో అతనికే వినిపించింది. తన మనసును తనే చెప్పు తీసుకుని కొట్టాలనిపించింది.