బోడిబంతి వరుస

ఈ ఉదయం పెరట్లో కలుపు తీస్తుంటే మోచేయి బంతి కొమ్మకు రాసుకుంది. ఆకు నలిగి ఘాటైన వాసన లేచింది. చాలామందికి బంతి అంటే పువ్వే. నాకు మాత్రం ఆ ఆకు వాసనే బంతి. ఎండలో వాడిపోతున్న మొక్కల కుప్ప వాసన. ఆ కుప్ప వేసింది నేను. దాని పక్కన గొంతుక్కూర్చున్న మనిషి మా దావీదు అయ్యవారు.

అవి రెండో ప్రపంచయుద్ధం నడుస్తున్న రోజులు. చిత్తూరులో చాలా ఏళ్లు వృక్షశాస్త్రం చెప్పి ఉద్యోగం ముగించిన అయ్యవారు, తిరుపతికి అవతల స్వర్ణముఖి ఒడ్డున కొంచెం నేల గుత్తకు తీసుకుని బంతి వేసేవారు. ఆయన దగ్గరే చదువుకున్న నేను, మద్రాసులో ఉద్యోగం దొరికేదాకా అని ఆ తోటలో సహాయకుడిగా చేరాను. ఆ 'దొరికేదాకా' నా నడకలో కూడా కనిపించేదేమో.

మా వైపు రైతులు దాచుకున్న విత్తనం వేస్తే ఒక మొక్కకు ముద్దపువ్వు, పక్కదానికి పలచని పువ్వు వచ్చేది. ఎంచి పెట్టుకున్న రెండు రకాలను కలిపితే పుట్టే తొలి తరం సంకరం అంతా ఒకే ఎత్తున, ఒకే తీరున పూస్తుంది. ఆ విత్తనం రైతు చేతిలో పెట్టాలని అయ్యవారి ఆశ. కానీ మనం ఒక్క పువ్వనుకునే బంతి నిజానికి ఎన్నో చిన్న పూల గుంపు. పరాయి పుప్పొడి అద్దాలంటే ముందు దాని సొంత పుప్పొడి తీసేయాలి. సూది పట్టుకుని ఎన్నింటికని తీస్తాం?

అందుకే బోడిబంతి ఆయనకు ప్రాణం. ఒక ఏడు తోటలో రేకుల్లేని మొక్క ఒకటి కనిపించిందట. పచ్చటి దొప్పలో నూలుపోగుల కుచ్చు, అంతే. పుప్పొడి ఉండదు, వేరే మొక్క పుప్పొడి అద్దితే గింజ కడుతుంది. దాన్ని తల్లిగా పెట్టుకుంటే సూదితో పనే లేదు. దాని సంతానాన్ని తోబుట్టువులతో కలుపుతూ ఆయన ఒక వరుసను నిలబెట్టుకున్నారు. అందులో సగం బోడివి, సగం నిండుగా పూసేవి. ఇదంతా నన్ను ఆ వరుస పక్కనే నిలబెట్టి చెప్పారు. నేను తలాడించాను. వినలేదు.

నేను చేరిన ఏడు ఆయనకు ఆయాసం ముదిరింది. గుత్త గడువూ ముగుస్తోంది. నేల యజమాని మునిరెడ్డి, తోట చూసి గుత్త పొడిగించాలో, తానే వేరుశనగ వేసుకోవాలో తేలుస్తానన్నాడు. అతను వచ్చే రోజు అయ్యవారు మంచం దిగలేదు. దారి పక్కనే ఉన్న ఆ వరుసలో బోడి మొక్కలు నా కంటికి అసహ్యంగా తోచాయి. అన్నింటినీ పెరికి గట్టు మీద వేశాను.

"పూలు భలే ఉండాయి కదప్పా! మీ అయ్యోరు మంచమెక్కినాడు, ఇంకేం తోటలే అనుకుంటి. ఇంకో ఏడు పెట్టుకోండి" అన్నాడు మునిరెడ్డి. నా ఛాతీ ఉబ్బింది.

సాయంత్రం అయ్యవారు కర్ర ఊతంతో వచ్చారు. కబురు విని నవ్వారు. వరుస దగ్గరికి వచ్చేసరికి ఆ నవ్వు ఆగిపోయింది.

"ఈడ ఉన్నవి యాడికి పోయినాయప్పా?"

"బాగలేవని పెరికేసినాను అయ్యోరూ. అందుకే కదా ఆయన ఒప్పుకున్నాడు!"

ఆయన తిట్టలేదు. కుప్ప పక్కన కూర్చుని ఒక్కో వేరూ తడిమి చూశారు. అది చూడలేక, "నాకు సరిగ్గా చెప్పింటే పెరికేవాణ్ణి కాదు" అన్నాను. మొక్కలు పెరికింది తెలియక. ఆ మాట అన్నది తెలిసే.

ఆయన నిలిచి ఉన్న మొక్కల వైపు చెయ్యి చూపించారు. "ఇవన్నీ వాటి తోడబుట్టినవే. పైకి నిండుగా ఉండాయిగానీ, ప్రతిదాని లోపలా ఆ బోడి గుణం దాగే ఉండాది. వీటిని వీటితోనే కలిపి గింజ పట్టు. నాలుగింట ఒకటి మళ్లీ బోడిదే వస్తాది."

"రాకపోతే?"

"వస్తాది. నువ్వు పెరకబాక, చాలు."

తేనెటీగలు వేరే పుప్పొడి తేకుండా మొగ్గలకు పలచని గుడ్డసంచులు కట్టాము. పుప్పొడి ఎలా అద్దాలో నా చెయ్యి పట్టుకుని చూపించారు. గింజ ఎండకముందే ఆయాసం ఆయనను తీసుకుపోయింది.

మద్రాసు నుంచి పిలుపు వచ్చింది. వెళ్లలేదు. నారు పోసి, నాటి, కాచుకున్నాను. ఏది బోడిదో మొగ్గ విచ్చేదాకా తెలియదు. మొదట విచ్చినవన్నీ నిండు పూలే. అంత అందమైన పూలను చూసి అంతగా దిగులుపడ్డవాడు ఇంకొకడు ఉండడు. వారం తిరక్కుండానే ఒక పొద్దున, పచ్చటి దొప్పలో నూలుపోగుల కుచ్చు కనిపించింది. తర్వాత ఇంకొకటి.

ఒక కొమ్మ తుంచి అయ్యవారి భార్య మేరమ్మగారికి తీసుకుపోయాను. ఆమె దాన్ని తిప్పి చూసి, "ఈ బోడిదాని కోసమా మీ అయ్యోరు రోజూ అన్నం చల్లార్చుకునింది?" అని నవ్వి, కళ్లు తుడుచుకున్నారు. "దీన్ని పెరికినందుకేనా నువ్వు ఇన్నాళ్లూ గడప బయటే నిలబడి పోతాండావు?"

"పెరికినందుకు కాదమ్మా. ఆ పొద్దు ఆయన్ను ఒక మాటన్నాను." ఆ మాట చెప్పాను.

ఆమె గడప మీది నుంచి పక్కకు జరిగారు. "ఆ మాట ఇంట్లో చెప్పనేలేదే! గుత్త నిలిచింది, నిలబెట్టింది నువ్వేనని చెప్పినాడు. లోపలికి రా నాయనా."

తర్వాత ఆ వరుస నుంచి పుట్టిన సంకర విత్తనం చుట్టుపక్కల రైతులకు చేరింది. ఆ ముద్దపూలు అందరూ చూశారు, వాటి తల్లిని చూసినవాళ్లు తక్కువ. నేను మాత్రం ఆ వరుసను ఏటా వేస్తూనే ఉన్నాను. ఇంటికి వచ్చినవాళ్లు, "అవి బాగలేవు, పెరికేయరాదా?" అంటారు. నాకు కోపం రాదు. ఉండనీయండి అని, ముందు వాటికే నీళ్లు పోస్తాను.