కోటయ్య బాబాయి బ్లోయర్

2001లో అద్దంకిలో నాకు మెకానిక్ షెడ్డు ఉండేది. వచ్చేవన్నీ ట్రాక్టర్లు, గ్రానైట్ లారీలే. ఒకరోజు కోటయ్య బాబాయి పడవంత అమెరికా కారు తోలుకుంటూ వచ్చాడు. ఎనిమిది సిలిండర్ల పెట్రోలు ఇంజన్. ఆయన ఒక పొగాకు షావుకారు దగ్గర జీవితమంతా డ్రైవరు. షావుకారు పోయాక ఇంట్లోవాళ్లు ఆ కారు ఈయనకే ఇచ్చేశారు.

"దీనికి సూపర్‌ఛార్జర్ పెట్టాలిరా సుబ్బారావు" అన్నాడు.

సూపర్‌ఛార్జర్ అంటే ఇంజన్ బెల్టుతో తిరిగే బ్లోయర్. సిలిండర్లలోకి గాలిని బలవంతంగా కుక్కుతుంది. బలం పెరుగుతుంది, తిరిగేటప్పుడు ఒక కూత వస్తుంది. ఆ కూతకే పిచ్చెక్కిపోయేవాళ్లున్నారు.

"ముసలోడికి దసరా పండగన్నట్టు, ఈ వయసులో నీకు రేసులెందుకు బాబాయ్?" అని కసిరాను.

"రేసు కాదురా. షావుకారుతో మద్రాసు వెళ్లినప్పుడు అట్టాంటి బండి కూత ఒక్కసారి విన్నా. నాకు కుడి చెవి ఎప్పుడో పోయింది. ఎడమది కూడా ఆగదన్నాడు డాక్టరు. ఈలోపు ఆ కూత నా బండిలో వినాలి."

ఆ రోజే బ్లోయర్ కోసం వెతకడం మొదలుపెట్టాను.

చీమకుర్తి క్వారీ తుక్కులో ఒక పాత విదేశీ డంపర్ దొరికింది. దాని డీజిల్ ఇంజన్ మీదా ఇట్టాంటి బ్లోయరే ఉంటుంది. ఊడదీసి, మార్టూరులో లేత్ మీద ప్లేటూ పుల్లీలూ చేయించి బిగించాను. స్టార్ట్ చేస్తే నాకింగ్, అంటే పెట్రోలు వేళకి ముందే అంటుకుని ఇంజన్ ఠకఠకలాడటం. ఆ ఇంజన్ బ్లాక్ పగిలితే ఇంకోటి తేలేం. గభాలున ఆపేశాను. బ్లోయర్‌కి ఇంకా పెద్ద పుల్లీ వేసి వేగం తగ్గించాలి.

అంతలో మిర్చి కోతలు మొదలయ్యాయి. షెడ్డు నిండా ట్రాక్టర్లు. "ముందు రైతుల పని చూడరా, సరుకు కళ్లాల్లో ఉంది" అని ఆయనే అనేవాడు. వచ్చినప్పుడల్లా ఆయనతో మాట్లాడటానికి నేను గొంతు కాస్త పెంచాల్సొచ్చేది. అయినా నాకు తట్టలేదు.

సీజన్ అయ్యాక కొత్త పుల్లీ వేశాను. నాకింగ్ లేదు. బ్లోయర్ కూతకి పక్క షాపులవాళ్లంతా బయటికొచ్చారు. కోటయ్య బాబాయి మాత్రం బానెట్ ముందు నిలబడి నా ముఖంలోకే చూస్తున్నాడు.

"స్టార్ట్ అయిందా?" అన్నాడు.

ఏంచేయాలో తోచక పొడుగు స్క్రూడ్రైవర్ తీశాను. బేరింగ్ పోయిందేమో చూడటానికి మేం దాని మొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వింటాం. చెవి పోయినా ఎముకల గుండా కూత లోపలికి పోతుందేమోనని, మొన బ్లోయర్‌కి ఆనించి, పిడి పళ్లతో కరిచిపట్టుకోమని సైగ చేశాను. ఇంజన్ వేగం పెరిగేలా కార్బురేటర్ లింకు మెల్లగా తిప్పాను.

ఆయన కళ్లు మూసుకున్నాడు. బుగ్గల మీద నీళ్లు కారుతున్నాయి. ఇంకా రైజ్ చెయ్యమని చేయెత్తాడు. చేశాను. ఇంకా అన్నాడు. చాలాసేపటికి పిడి వదిలి, "అదేరా, అదే కూత" అన్నాడు.

ఇప్పటికీ ఎవరైనా పెద్దాయన బండి తోలుకొస్తే, ఎంత సీజనైనా సరే, ముందు ఆ బానెట్టే ఎత్తుతాను. ట్రాక్టర్లవాళ్లు తిట్టుకుంటే తిట్టుకోనీ.