శుభలేఖలో మొదటి పేరు

త్యాస్ పనిగదిలో గోడ మీద ఒక కాగితం అంటించి ఉంటుంది. "దిద్దుబాట్లు మూడుసార్లు మాత్రమే" అని తన చేత్తోనే ముచ్చటైన అక్షరాలతో రాసుకుంది. ఆ కాగితాన్ని ఇంతవరకు పని ఇచ్చిన వాళ్ళెవరూ చూడలేదు. వచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీ వీపు ఆ గోడవైపే ఉంటుంది మరి. కుర్చీని అలా వేసింది కూడా త్యాసే.

సోలో పట్నంలో ఒక ప్రకటనల కంపెనీలో ఆరేళ్ళు బొమ్మలు గీసి, పై ఆఫీసరు నోటికి జడిసి, ఉద్యోగానికి దణ్ణం పెట్టి సొంతూరు క్లాతెన్‌కు వచ్చేసింది. ఇక నా నెత్తిన ఎవరూ ఉండరు అనుకుంది పిచ్చిది. ఇప్పుడు ఆమె నెత్తిన ఊరంతా ఉంది. శుభలేఖలు, కొట్ల బోర్డులు, బడి పిల్లల బహుమతి పత్రాలు, ఏది గీసినా గీయించుకున్నవాళ్ళే యజమానులు.

మేక మాంసం కాల్చి అమ్మే ఒకాయన, బోర్డు మీద మేక నవ్వుతూ ఉండాలన్నాడు. నవ్వించింది. మర్నాడు పొద్దున్నే మళ్ళీ వచ్చి, "మరీ అంత నవ్వితే తినేవాళ్ళకు చేతులెలా వస్తాయి మ్బక్, కాస్త తగ్గించు" అన్నాడు. అక్కడ ఆడపిల్లను మర్యాదగా, అక్కా అన్నట్టు, మ్బక్ అంటారు. ఒక పెళ్ళికొడుకైతే, పెళ్ళి రెండు వారాలు ఉందనగా శుభలేఖలో పెళ్ళికూతురి పేరు మార్చమన్నాడు. త్యాస్ ఒక్క ముక్క కూడా అడగలేదు. "రంగు అదే ఉంచమంటారా?" అని మాత్రం అడిగింది.

"లేదు, కుదరదు అనే మాట నీ నోటికి రాదా?" అని తల్లి తర్మి దెప్పుతూ ఉంటుంది. తర్మి అన్నం ముక్కలు ఎండబెట్టి కరక్ వడియాలు చేసి అమ్ముతుంది. ఆవిడ నోటికి ఆ మాట బాగానే వస్తుంది.

"వస్తుందమ్మా. వాళ్ళు వెళ్ళిపోయాక వస్తుంది" అనేది త్యాస్.

అలాంటి త్యాస్‌కు చుక్కలు చూపించడానికి ఈ ఏడాది పెళ్ళిళ్ళ నెల ముందు పక్ విగ్న్యో, అంటే విగ్న్యో గారు, దిగాడు. ముప్పై ఆరేళ్ళు ప్రధానోపాధ్యాయుడిగా చేసి రిటైరైన మనిషి. ఇస్త్రీ చొక్కా, జేబులో ఎర్ర పెన్ను, చేతిలో సంచీ. తల్లిలేని తమ్ముడి కూతురు నూరింగ్ పెళ్ళి పనులన్నీ ఆయన నెత్తిన పడ్డాయి. తమ్ముడు జకార్తా బస్సు నడుపుతాడు, ఇంట్లో ఉండేది తక్కువ. త్యాస్ గీసిన మొదటి నమూనా చూసి, అలవాటు పోక, మూలన ఎర్ర సిరాతో మార్కు వేశాడు. పదికి అయిదు.

"బొమ్మ బాగుంది మ్బక్. లత బాగుంది. వెనకవైపు పేర్లు మాత్రం మళ్ళీ చూడాలి" అన్నాడు.

వెనకవైపు పేర్లంటే, పెళ్ళివారితో పాటు మేమూ పిలుస్తున్నాం అని బంధువులంతా తమ పేర్లు వేయించుకునే పట్టిక. ఇరవై ఎనిమిది ఇళ్ళ పేర్లు. శుభలేఖ అందగానే ఎవరూ ముహూర్తం చూడరు. ముందు వెనక్కి తిప్పి, తమ పేరు ఎన్నో వరుసలో ఉందో చూసుకుంటారు.

ఆయన మొదట పట్టికను వయసు ప్రకారం పేర్చమన్నాడు. రెండు రోజులకు వచ్చి వరస ప్రకారం అన్నాడు. తర్వాత అక్షర క్రమం. ఆ తర్వాత అసలు పేర్లే వద్దన్నాడు. గంట తిరక్కుండా పరుగున వచ్చి, "వద్దంటే ఇరవై ఎనిమిది ఇళ్ళూ నా మీద పడతాయి, పెట్టేయ్ పెట్టేయ్" అన్నాడు. ఒకసారి ఒకే పెళ్ళికి రెండు రకాల కార్డులు అచ్చు వేద్దామన్నాడు, ఒక ఇంటికి ఒకటి, పక్కింటికి ఇంకొకటి. మార్కులు మాత్రం ఆరు, ఆరున్నర, మళ్ళీ అయిదు. పదహారో దిద్దుబాటుకు త్యాస్ తల ప్రాణం తోకకు వచ్చింది. అచ్చాఫీసు గునాదీ ఫోన్ చేసి, "గురువారం మధ్యాహ్నం దాటితే నావల్ల కాదు మ్బక్. పెళ్ళిళ్ళ నెల, మిషన్లు ఖాళీ లేవు" అని చెప్పేశాడు. అప్పటికి మంగళవారం.

పని వదిలేస్తానని చెప్పి రావాలని త్యాస్ నిశ్చయించుకుంది. బండి మీద దారి పొడుగునా ఆ మాట వల్లె వేసుకుంది. "పక్, నన్ను క్షమించండి, ఇంకెవరినైనా చూసుకోండి." ఎదురొచ్చిన గేదె ముందు కూడా ఒకసారి అనేసింది, అలవాటు కోసం.

వెళ్ళేసరికి పక్ విగ్న్యో వసారాలో నేల మీద బాసింపట్టు వేసుకుని ఉన్నాడు. ఇరవై ఎనిమిది పేర్లూ చీటీలుగా కత్తిరించి చాప మీద పరిచాడు. ఒకటి పైకి, ఒకటి కిందికి జరుపుతున్నాడు. ఒక కోడిపెట్ట తీరుబడిగా వచ్చి చీటీల మీద నడిచింది. "నీకేం తెలుసే వరస" అని దాన్ని అదిలిస్తూ తలెత్తి త్యాస్‌ను చూశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. 

"కూర్చోమ్మా" అన్నాడు. మ్బక్ అని కాక అమ్మా అనడం అదే మొదటిసారి. "నేను బాగా విసిగిస్తున్నాను కదా?"

"అబ్బే, లేదండీ" అంది త్యాస్. వచ్చినవాళ్ళ కుర్చీ వీపును గోడవైపు తిప్పి వేసే మనిషి ఇంకేమంటుంది?

లోపలి నుంచి నూరింగ్ టీ తెచ్చింది. ఇరవై అయిదేళ్ళ పిల్ల, నవ్వితే బుగ్గలు సొట్టలు పడతాయి. పెదనాన్న చెప్పలేడని ఆమే చెప్పింది. తల్లి పోయాక తనను పెంచింది ఇద్దరు నాయనమ్మలు, తను ఎయాంగ్ అని పిలిచే తుమిరా, సుకినా. పక్కపక్క ఇళ్ళు, మధ్య ఒక గోడ, గోడకు ఒక చిన్న తలుపు. పొద్దున గంజి ఈ ఇంట్లో, మధ్యాహ్నం భోజనం ఆ ఇంట్లో. ఇద్దరూ అన్నదమ్ముల బిడ్డలు. తుమిరాకు డెబ్బై ఎనిమిది, సుకినాకు అరవై ఆరు. కానీ సుకినా తండ్రి అన్న, తుమిరా తండ్రి తమ్ముడు. అందుకని పన్నెండేళ్ళు పెద్దదైన తుమిరా, చిన్నదాన్ని పట్టుకుని అక్కా అనాలి. జీవితమంతా అంది కూడా, నవ్వుకుంటూ.

"తొమ్మిదేళ్ళ కిందట నా కూతురి పెళ్ళికి నేనే కార్డు రాయించాను" అన్నాడు పక్ విగ్న్యో, చీటీలు చూస్తూ. "వయసు చూసి తుమిరా పెద్దమ్మ పేరు ముందు పెట్టాను. వరస మర్చిపోయాను. సుకినా పెద్దమ్మ పెళ్ళికి రాలేదు. రాకపోతే పోనీ అని తుమిరా పెద్దమ్మ గోడ తలుపుకు అడ్డంగా కోళ్ళగూడు పెట్టింది. తొమ్మిదేళ్ళు! ఊరి పిల్లలందరి తప్పులూ దిద్దినవాణ్ణి, నా తప్పు దిద్దుకోలేకపోయాను."

"పెళ్ళికి ముందు రోజు నా మీద మంగళ స్నానం నీళ్ళు పోయాల్సింది వాళ్ళిద్దరే" అంది నూరింగ్. సొట్టలు కనబడలేదు. "ఒకరే వస్తే ఆ స్నానమే వద్దని పెదనాన్నకు చెప్పేశాను. ఎవరి పేరు కింద ఉంటే వాళ్ళు రారు. ఇద్దరూ నాకు చెప్పారు, విడివిడిగా."

త్యాస్ టీ తాగి, పని వదిలేస్తానని చెప్పకుండానే బండెక్కింది. దారిలో తనను తానే తిట్టుకుంది. ఇన్ని వారాలు ఆ మనిషిని చాదస్తుడనుకుంది కానీ, ఆయన భయపడుతున్నాడని ఒక్కసారైనా తట్టలేదు.

బుధవారం పొద్దున తల్లి పెరట్లో వడియాలు ఆరబెడుతోంది. వెడల్పాటి గుండ్రటి వెదురు తట్టలో అంచు వెంట చుట్టూ పేర్చింది. త్యాస్ మెట్టు మీద కూర్చుని చీకాకుగా చూస్తోంది.

"ఊరికే చూడకపోతే ఆ తట్ట కొంచెం తిప్పు. పైనున్నవి ఎండాయి, కిందున్నవి తడిగానే ఉన్నాయి" అంది తర్మి.

త్యాస్ తిప్పింది. పైనున్న వడియం కిందికి పోయింది. కిందున్నది పైకి వచ్చింది. ఇంకొంచెం తిప్పింది. మరొకటి పైకి వచ్చింది.

"తిప్పమన్నాను కానీ ఆడుకోమన్నానా?"

త్యాస్ తల్లి బుగ్గ మీద ముద్దు పెట్టి లోపలికి పరిగెత్తింది. "దీనికేమైంది?" అని తర్మి వడియాలను అడిగింది.

రెండు గంటల్లో కార్డు తయారైంది. కార్డే గుండ్రం. వెనకవైపు మధ్యలో మల్లెపూల చెండు, దాని చుట్టూ విందుకు చాప మీద కూర్చున్నట్టు ఇరవై ఎనిమిది పేర్లు. ఏ పేరునైనా పైకి తిప్పుకుంటే అదే తిన్నగా, అదే మొదటిదిగా కనబడుతుంది. తుమిరా, సుకినా పేర్లు మాత్రం ఎందుకైనా మంచిదని ఎదురెదురుగా, వీలైనంత దూరంగా పెట్టింది. రెండు నమూనాలు అచ్చు తీయించుకుని, గుండ్రంగా కత్తిరించుకుని వెళ్ళింది.

పక్ విగ్న్యో కార్డును అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఎర్ర పెన్ను మూత తీశాడు, పెట్టాడు.

"దీనికి మొదలెక్కడమ్మా?"

"ఎవరు పట్టుకుంటే వాళ్ళ దగ్గర, పక్."

 ఈసారి ఆయన మార్కు వేయలేదు. "నడు. చావో రేవో తేల్చుకుందాం" అని లేచాడు. నూరింగ్ ఒక కార్డు పట్టుకుని సుకినా ఇంటికి వెళ్ళింది. వీళ్ళిద్దరూ రెండోది తీసుకుని తుమిరా పెరట్లోకి వెళ్ళారు.

తుమిరాకు చూపు మందం, చెవులు మాత్రం పాము చెవులు. కార్డును ముక్కుకు ఆనించుకుని, మెల్లగా తిప్పుతూ, తన పేరు దొరికాక ఆగింది. 

"ఇన్నేళ్ళకు బుద్ధొచ్చిందన్నమాట నీకు, విగ్న్యో" అంది ముసలావిడ తృప్తిగా. "అందరికంటే పైన నేనే."

సరిగ్గా అప్పుడే గోడ అవతల నుంచి సుకినా గొంతు వినబడింది. "చూశావా నూరింగ్, వరస తెలిసినవాళ్ళు రాస్తే ఇలా ఉంటుంది. మొదటి పేరు నాదే!"

తుమిరా కార్డు దించింది. పక్ విగ్న్యో మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎవరే మొదట?" అని గోడ వైపు తిరిగి అరిచింది తుమిరా. "కళ్ళజోడు పెట్టుకుని చూడు! మొదట నేను!"

అవతల కూడా గొంతు లేచింది. "అక్కకే ఎదురు చెప్తావా?"

"పన్నెండేళ్ళు నాకంటే చిన్నదానివి. నీ ముక్కు తుడిచింది నేను. నువ్వా అక్కవి?"

"తుడిచినా చెల్లెలివే!"

"ఆ కార్డు పట్టుకుని ఇటు రా, చూపిస్తా!"

"ఎట్లా రాను? దారికి అడ్డంగా నీ కోళ్ళగూడు కదా!"

"విగ్న్యో!" అని కేక పెట్టింది తుమిరా. "గుడ్లప్పగించి చూస్తావేం? గూడు జరుపు!"

విగ్న్యో కదల్లేదు. నేల మీద చతికిలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియకుండా ఊగిపోతున్నాడు. తొమ్మిదేళ్ళలో ఆ ఇద్దరి మధ్య మొదటి మాట అది, తగువే అయినా సరే. త్యాసే గూటిని భుజంతో తోసింది. కోళ్ళు గగ్గోలు పెట్టాయి. తుప్పు పట్టిన తలుపు అవతలి నుంచి నూరింగ్ తన్నిన రెండో తన్నుకు తెరుచుకుంది. ముందు సుకినా వచ్చింది, కొంగు బిగించి, పోట్లాటకు సిద్ధంగా. వెనక నూరింగ్, కళ్ళ నిండా నీళ్ళు, బుగ్గల నిండా సొట్టలు.

రెండు తలలూ ఒకే కార్డు మీదికి వంగాయి.

"ఇలా తిప్పితే నేను పైన."

"ఇలా తిప్పితే నేను."

"మోసం ఇది" అంది సుకినా. నవ్వు ఆగలేదు ఆవిడకు.

"ఉన్న మాటే" అంది తుమిరా. తర్వాత వేలితో కార్డు మీద తడిమి, మొహం చిట్లించింది. "అయితే ఇదెవరు గీశారమ్మా? ఇది వెళ్ళి అంత దూరాన, ఆ చివర కూర్చుందేం? విందులో ఇది నా పక్కన లేకపోతే నాకు చేప ముళ్ళు ఎవరు తీసి పెడతారు? తొమ్మిదేళ్ళుగా చేపే తినలేదు నేను."

 సుకినా చెల్లెలి జబ్బ పట్టుకుని, "ముసలిదానా, గోడ మీద నుంచి ఒక్క కేక వేస్తే తీసి ఇవ్వనా?" అంది.

పక్ విగ్న్యో లేచి వచ్చి, కార్డు అందుకుని, ఎర్ర పెన్నుతో అంచున తొమ్మిది వేశాడు. "ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే మ్బక్..."

"తెలుసండీ" అంది త్యాస్, సంచీలోంచి కంప్యూటర్ తీస్తూ.

పద్దెనిమిదో దిద్దుబాటు తుమిరా చాప మీద కూర్చునే చేసింది. జీవితంలో ఏ దిద్దుబాటూ అంత సంతోషంగా చేయలేదు. ఇద్దరు ముసలమ్మలూ చెరో భుజం మీద నుంచి తొంగి చూస్తూ, ఆమె చెవిలో ఊపిరి వదులుతున్నారు. సుకినా పేరును వలయం వెంట లాక్కొచ్చి తుమిరా పేరు పక్కన పెట్టింది.

"ఇంకాస్త దగ్గరగా జరుపమ్మా" అంది తుమిరా.

త్యాస్ జరిపింది.