ఆసిడ్‌లో నానిన ఎముక

మస్తాన్ జబ్బును మెషీన్ పట్టేసిందని మా ల్యాబ్‌లో ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. అబద్ధం. మెషీన్ మొదట ఏమీ చెప్పలేదు. ఆ మౌనాన్నే మావాళ్ళు శుభవార్తగా రాయబోయారు.

అది 2022. దుబాయ్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి. అందులోని మాలిక్యులర్ ల్యాబ్‌లో నేను కొత్తగా చేరాను. మస్తాన్‌ది నెల్లూరు వైపు. జెబెల్ అలీ గోడౌన్లలో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు. కడుపులో లింఫోమా, అంటే తెల్లరక్తకణాల క్యాన్సర్, బయటపడింది. అది కడుపు దాటకపోతే అక్కడివరకు రేడియేషన్ చాలన్నారు డాక్టరు. ఎముక మజ్జలోకి పాకితే వైద్యం వేరు. మజ్జ చూడటానికి తీసిన తుంటి ఎముక ముక్క మైక్రోస్కోపులో శుభ్రంగానే కనిపించింది. అయితే కొద్దిపాటి కణాలుంటే కంటికి దొరకవు. అందుకే పీసీఆర్: కడుపులోని క్యాన్సర్ కణాల డీఎన్ఏ గుర్తు మజ్జలోనూ ఉందా అని వెతికే పరీక్ష.

గుర్తు రాలేదు. సరే. కానీ ఏ మనిషి డీఎన్ఏలోనైనా వచ్చి తీరాల్సిన కంట్రోల్, అంటే పరీక్ష పనిచేసిందని చూపే గుర్తు, అది కూడా రాలేదు. అంటే ఆ ముక్కలో చదవడానికి డీఎన్ఏ మిగల్లేదు. ఎలా మిగులుతుంది? ఎముకను పలచగా కోయాలంటే ముందు మెత్తబరచాలి; దాన్ని డీకాల్ అంటాం. నిదానంగా చేసే ద్రావణం ఉంది. రిపోర్టు త్వరగా పోవాలని మావాళ్ళు ఘాటు ఆసిడ్‌లో పడేశారు. మైక్రోస్కోపుకు అది చాలు. డీఎన్ఏ మాత్రం తునాతునకలు.

మా ముదీర్, అంటే ల్యాబ్ మేనేజరు, మన విజయవాడాయనే. నెగటివ్ అని పంపేయమన్నాడు.

“కంట్రోల్ రాలేదు సార్. ఇది నెగటివ్ కాదు, అసలు పరీక్షే జరగలేదు.”

“మీకు ప్రతిదానికీ వాదనేనా అమ్మా?”

“తలుపు తట్టకుండానే ఇంట్లో ఎవరూ లేరని రాసే పోస్ట్‌మ్యాన్ పని నాకొద్దు సార్.”

సంతకం పెట్టలేదు. డాక్టరుకు నేనే ఫోన్ చేసి, ఆసిడ్ తగలని మజ్జ ద్రవం మళ్ళీ తీసి పంపమన్నాను. ఆయన వెంటనే ఒప్పుకున్నారు. ఒప్పుకోనిది మస్తాన్. తెలుగు వచ్చినవాళ్ళు లేక వార్డు వాళ్ళు నన్నే పిలిచారు. అతను గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

“ఖలాస్, అంతా క్లీన్ అని మీ ల్యాబ్ మేనేజరు చెప్పిపొయ్యాడు గదా మేడం. మళ్ళా గుచ్చేదేంది? శాంపిల్ తీసేదానికి నేనేమన్నా బియ్యం బస్తానా?”

“బస్తాను అడగరు మస్తాన్ భాయ్, నిన్ను అడుగుతున్నాం. మొదటి ముక్కను పాడుచేసింది మావాళ్ళే. క్లీన్ అని చెప్పే హక్కు ఇంకా ఎవరికీ లేదు.”

సూదికి వీలుగా పక్కకు తిరిగి పడుకున్నాడు. “యల్లా, కానియ్యండి. ఈసారన్నా సరిగ్గా జూడండి.”

ఈసారి కంట్రోల్ వచ్చింది. దాంతోపాటు గుర్తూ వచ్చింది, కడుపులో దొరికినదే. స్కాన్‌లతో కలిపి చూసి డాక్టరు రేడియేషన్ మాట పక్కనపెట్టి, ఒళ్ళంతా పనిచేసే మందు మొదలుపెట్టారు.

‘లేదు’ అన్నది ఒక జవాబు, ‘చూడలేకపోయాం’ అన్నది ఇంకొకటి. రెండోదాన్ని మొదటిదిగా రాస్తే అది పొరపాటు కాదు, మోసం. ఇప్పుడు పీసీఆర్‌కు పంపే మజ్జ ఆసిడ్ మొహం చూడదు. ఆ మార్పు తనదేనని ముదీర్ చెప్పుకుంటాడు. చెప్పుకోనీ. కానీ మస్తాన్‌కు ముందు అదే ఆసిడ్‌లో నానిన ఎముకలున్నాయి. నెగటివ్ అని నమ్మి, వీసా ముగించుకుని ఊళ్ళకు వెళ్ళిపోయినవాళ్ళున్నారు. ప్రతి మీటింగులోనూ అడుగుతున్నాను, ఇక్కడా అడుగుతున్నాను: వాళ్ళకు ఫోన్ చేసేదెవరు?