నన్ను నమ్మిన నూటయాభై గొర్రెలు

నూటయాభై మంది మన వెనక నడవాలంటే మామూలుగా ఎన్నికల్లో నిలబడాలి, గడప గడపకూ తిరిగి దండాలు పెట్టాలి, బిర్యానీ పొట్లాలు పంచాలి. నేను అవేవీ చేయలేదు. ఒక్క కేక వేశాను. ఆ కేకతో దుందుభి వాగు గట్టున ఒక కంది చేనుకూ నా పరువుకూ మిట్టమధ్యాహ్నమే ఎలా తెల్లారిందో చెబుతాను. మీరు నవ్వుకోండి, ఏమీ అనుకోను. మా ఆవిడ నవ్వీ నవ్వీ నాకు అలవాటు చేసింది.

అప్పటికి మాకు పెళ్ళై ఆరు నెలలు. కల్వకుర్తిలో ఒక ప్రైవేటు బడికి నేను సోషల్ సారును. దేశంలోని నదులన్నీ ఎక్కడ పుట్టాయో, ఎక్కడ కలిశాయో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. పక్కనే పారే దుందుభిని మాత్రం బస్సు కిటికీలోంచి తప్ప చూసి ఎరుగను. మా ఆవిడ రేణుకది కోస్గి దగ్గర ఒక పల్లె. ఆరుబయట పెరిగిన మనిషి. రెండు గదుల కిరాయి ఇంట్లో ఆమెకు ఊపిరాడటం లేదని నేను కనిపెట్టడానికి ఆరు నెలలు పట్టింది. అదీ ఆమె నోరు తెరిచి చెబితేనే.

“ఐతారం నాడు వాగు పొంటి నడిచొద్దమా,” అంది. “పొద్దుగాల పోయి మాపటికి వద్దం.”

“వాగు అనొద్దు. నది అనాలె. కృష్ణకు ఉపనది అది.”

“సరే. ఉపనది పొంటి నడిచొద్దం.”

కార్తీకమాసం. వానలు వెలిసి వాగులో నీళ్ళు తేటపడ్డాయి. నేను తెల్ల బూట్లు కొన్నాను, టోపీ పెట్టాను, మెడలో ఈల వేలాడేశాను, దారి పటం గీసిన నోటుపుస్తకం జేబులో పెట్టుకున్నాను. హిమాలయాలకు పోయేవాడు కూడా అంత హడావుడి చేయడు. రేణుక సర్దింది ఒక్కటే సంచి. అందులో సజ్జరొట్టెలు, పల్లీల పచ్చడి, ఉడకబెట్టిన మక్కకంకులు. మగవాణ్ణి కదా, సంచి నేనే వీపుకు తగిలించుకున్నాను. ఈ మగతనం ఎంత పని చేస్తుందో ముందు ముందు చూస్తారు.

వంతెన దగ్గర బస్సు దిగి నడక మొదలుపెట్టాం. పది అడుగులు వేశామో లేదో పాఠం అందుకున్నాను.

“నది పారే దిక్కుకు మొకం పెట్టి నిలబడితే, మన ఎడమ చేతి పక్కది ఎడమ గట్టు.”

“మరి నువ్వు నీళ్ళకు ఎదురుంగ నిలబడ్డవు గదా,” అంది రేణుక.

చూసుకున్నాను. నిజమే. ఆ తర్వాత గట్ల విషయం ఎత్తలేదు.

పన్నెండు దాటేసరికి ఒక కానుగ చెట్ల గుంపు దగ్గరికి చేరాం. ఆ నీడలో పెద్ద గొర్రెల మంద. ఒకదాని కడుపు కింద ఒకటి తల దూర్చి కునుకు తీస్తున్నాయి. అవతల చెట్టు మొదట్లో కాపరి ముఖం మీద గొంగడి కప్పుకుని గురక పెడుతున్నాడు. లోకమంతా విశ్రాంతి తీసుకుంటున్న వేళ. నా నోరు ఒక్కటే మేలుకుని ఉంది.

మా తాతకు మూడొందల గొర్రెలుండేవి. నాకు ఆరేళ్ళప్పుడు వాటిని అమ్మేసి టౌనుకొచ్చాం. అప్పటినుంచి గొర్రెకూ నాకూ చుట్టరికం పళ్ళెంలోనే. అయినా తాత పేరు ఎత్తకుండా నాకు రోజు గడిచేది కాదు.

“మా తాత ఒక్క పిలుపు పిలిస్తే మూడొందల గొర్లు ఉరికొచ్చేటియి,” అన్నాను. “ఆ పిలుపు నాకొస్తది.”

“రానీ. ఇప్పుడైతే పిలవకు. పండుకున్న మందను లేపొద్దు.”

“వీటికి నా గొంతేం ఎరుక. ఊరికె నీకు వినిపిస్త.”

“ఇంటికి పోయినంక వినిపియ్యి.”

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు. ఆ రోజు చెవిటివాణ్ణీ నేనే, శంఖం ఊదినవాణ్ణీ నేనే. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టి, “టుర్ర్ర్... బ్బా బ్బా బ్బా... ఓయ్” అని వాగు అవతలి గుట్ట తిరిగి పలికేలా కేక వేశాను.

ముందు ఒక ముసలి గొర్రె లేచింది. దాని మెడలో గంట మోగింది. ఆ గంటకు పది లేచాయి, ఆ పదింటిని చూసి మిగతావన్నీ లేచాయి. అన్నీ నా వైపే నడిచాయి.

“చూసినవా,” అన్నాను, ఛాతీ రెండింతలు చేసి. “రక్తంల ఉంటది.”

“చూసిన. ఇప్పుడేం జేస్తవు?”

“ఏం జేసుడేంది?”

“నువ్వు పిలిచింది మేతకు. మేత పెడ్తవని వస్తున్నయి. పెట్టు మరి.”

అప్పుడు నా వీపు మీది మక్కకంకుల వాసన నాకూ తగిలింది. వాటికి అంతకుముందే తగిలినట్టుంది. ఒకటి సంచి పట్టీ నమిలింది. ఒకటి బూటు దారం లాగింది. ఇంకొకటి జేబులోంచి దారి పటం తీసుకుని తిన్నది. గొర్రె కసాయివాణ్ణి నమ్ముతుందని పెద్దలు చెప్పారు. సోషల్ సారును కూడా నమ్ముతుందని ఒక్కరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది.

నేను వెనక్కి నడిచాను. అవి ముందుకు నడిచాయి. నేను పరుగెత్తాను. అవీ పరుగెత్తాయి. సంచి ఎక్కడ జారిపోయిందో తెలియదు. ఎదురుగా ఛాతీ ఎత్తున, పచ్చగా పూతమీదున్న కంది చేను కనబడింది. అందులో దూరి సాళ్ళ మధ్య గొంతుకూర్చున్నాను. నూటయాభై జీవాలు నన్ను వెతుక్కుంటూ లోపలికి వచ్చాయి. వచ్చాక వాటికి నాకన్నా మంచి వస్తువు దొరికింది. చుట్టూ చిటచిటమని కంది కొమ్మలు విరుగుతున్న చప్పుడు.

ఇంతలో చేతికర్రతో ఒక అవ్వ ప్రత్యక్షమైంది. చేను ఆమెదని వేరే చెప్పాలా.

“ఎవనివిరా నువ్వు? ఎవని మంద ఇది?”

“మంద నాది కాదవ్వా.”

“నీది కాకుంటే నీ ఎంబడి ఎందుకొచ్చినయి?”

“పిలిస్తే వచ్చినయి.”

“నా కంది మేసి పోండ్రని పిలిచినవా?”

“నేను కాపరిని కాదవ్వా. సోషల్ సారును.”

“అయితే గొర్లకు సోషల్ చెప్తున్నవా,” అని అవ్వ కర్ర ఎత్తింది.

నేను ఈల ఊదాను. గొర్రెపిల్లలు సంబరపడి గంతులు వేశాయి. టోపీ ఊపాను. ఒకటి టోపీ కూడా పట్టుకుంది. ఇక లాభం లేదని చుట్టూ చూస్తే, రేణుక చేను గెనం గట్టు మీద నిలబడి ఉంది.

“రేణుకా, జర నువ్వన్న వీటిని మలుపు.”

“నాకేం వస్తది,” అంది ఆమె నెమ్మదిగా. “మా నాయినది బిజినెస్ గదా.”

ఇక్కడ ఆగి మీకొక సంగతి చెప్పాలి. దాయాలనే అనుకున్నాను. రెండు నెలల కింద మా బడి సార్లు ఇంటికొచ్చి, “మీ మామగారు ఏం చేస్తారు” అని అడిగారు. “ఏదో బిజినెస్” అన్నాను. మా మామ కోస్గి దగ్గర గొర్రెలు కాస్తాడు. చచ్చిపోయిన తాత గొర్రెలు నాకు గొప్ప, బతికున్న మామ గొర్రెలు నాకు నామోషీ. అప్పుడు రేణుక చాయ్ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోనే ఉంది. గ్లాసులు అందించి లోపలికి పోయింది. వినలేదేమో అనుకుని రెండు నెలలు హాయిగా నిద్రపోయాను.

“తప్పయింది,” అన్నాను.

“గట్ల కాదు. మా నాయిన ఏం పని జేస్తడో అవ్వకు చెప్పు. గొర్లను పిలిచిన గొంతుతోనే చెప్పు.”

వెనక మంద నములుతోంది. ముందు కర్ర లేచి ఉంది. ఆమె కళ్ళలో మాత్రం నవ్వు లేదు. నాకు మొదటిసారి నిజంగా సిగ్గేసింది.

“మా మామ గొర్లు కాస్తడు,” అని గుట్ట వినేలా అరిచాను.

“అయితే ఆయన్నే తోలుకరాకపోయినవా,” అంది అవ్వ. “నిన్నెవరు పిలవమన్నరు?”

రేణుక కొంగు నడుముకు దోపి చేనులో దిగింది. గంట ఉన్న ముసలి గొర్రెను పట్టుకుని తల పక్కకు తిప్పి, నాలుకతో ఏదో చిన్న చప్పుడు చేసింది. నా కేక నాలుగు ఊళ్ళకు వినిపించింది. ఆమె చప్పుడు పక్కనే ఉన్న నాకే సరిగ్గా వినబడలేదు. ముసలిది కదిలింది. దాని వెనక నూటయాభై తలలూ కదిలాయి. నేను నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాను. పెళ్ళైన ఆరు నెలల్లో ఆమె అంత నిబ్బరంగా, అంత సుఖంగా నిలబడటం నేను చూడలేదు.

అప్పుడొచ్చాడు కాపరి, కళ్ళు నులుముకుంటూ. సంగతి విని నన్ను కింది నుంచి పైకి ఒకసారి చూశాడు. తిట్టినా బాగుండేది, గొంగడి దులుపుకుని గొర్రెలు లెక్కపెట్టుకున్నాడు. అవ్వకు నష్టం గెనం వెంబడి నాలుగు సాళ్ళు. “నీ బీడు చెల్కల రెండు రాత్రులు మందను ఆపుతనవ్వా, మంచి ఎరువైతది,” అని కాపరి బతిమాలితే ఆమె కర్ర దించింది. మా సంచి దొరికింది. పచ్చడి డబ్బా తప్ప అందులో ఏమీ మిగల్లేదు. చూసి జాలిపడి అవ్వ తన జొన్న గటక మా ఇద్దరికీ పెట్టింది. మా పచ్చడి నంజుకుని, బాగుందని రేణుకకే చెప్పింది, నాకు కాదు.

బయలుదేరేటప్పుడు అవ్వ రేణుక చేయి పట్టుకుంది.

“బిడ్డా, నూటయాభైని మలిపినవు. గీ ఒక్కదాన్ని ఎట్ల మలుపుతవే,” అని గడ్డంతో నన్ను చూపించింది.

“ఆరు నెలల సంది అదే పని మీదున్ననవ్వా,” అంది రేణుక. “ఇయ్యాల జర మలిగింది.”

కావున సకల జనులకు, ముఖ్యంగా దుందుభి వాగుకు ఇరు గట్ల మీదా మేసే జీవాలకు ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా, ఇకముందు నా నోట ఆ పిలుపు వెలువడదు. పండుగకు అత్తవారింటికి పోయినప్పుడు మా మామ “ఒక్కపారి పిలువు అల్లుడా, విందం” అని ఎంత ఊరించినా, చేతులు జోడించి ఆయన వెనకే నడుస్తాను. ఈ మాట తప్పితే వచ్చే జన్మలో నాకు రేణుక మందలోనే చోటు దొరుకుగాక. ఈ జన్మలో ఎలాగూ దొరికింది.