గడిలో కొత్త చెప్పులు

నర్మెట్ట దగ్గరి మా ఊళ్లో కోటలాంటి పాత దొర గడిని బాగుచేసి చిన్న మ్యూజియం పెట్టారు. ఎన్నిసార్లు పిలిచినా రానన్న మా అత్తమ్మ మరియమ్మ, ఒకరోజు జనగామ పోయి తోలు చెప్పులు కొనుక్కొచ్చి, "పోదాం పా" అంది.

ఆమెకు షుగర్. పోయినేడు కాలికి ముల్లు దిగితే ఆ పుండు మానేసరికి నెలలు పట్టింది. సైన్సు చదివినదాన్ని, నాకు భయం ఎక్కువ. "కొత్తయి కరుస్తయి అత్తమ్మా" అని బతిమాలినా వినలేదు. గడి గేటు దగ్గర పాత చెప్పులు సంచిలో వేసి, కొత్తవి తొడుక్కుంది.

టికెట్లిచ్చే సుమలత ఆపింది. "అవ్వా, చెప్పులు ఆడ ఇడువు. గచ్చు మాసిపోతది."

"ఇడువ."

"అందరిడుస్తున్నరు గద!"

"అందరి సంగతి నాకెందుకే? మా నాయిన యోహాను గీ గోడ మొదలైన కాడ చెప్పులిప్పి సంకల పెట్టుకునేటోడు. గోడ అయిపొయ్యేదాంక నెత్తి ఎత్తేటోడు కాదు. ఎండకు నా కాళ్లు కాలుతున్నయని ఏడిస్తే, 'సప్పుడు చెయ్యకు బిడ్డా' అనేటోడు. ఇడిశేటందుకు కొనలే గియి."

సుమలత వంగి చెప్పుల అడుగు చూసింది. మట్టి లేదు. "సరే పో. తుడిశేది నేనే గద," అంది.

నా చెప్పులు, మా పాప షారోన్ బూట్లు బయట విడిచాం. లోపల పల్లకి, గుర్రపు జీను, ఇత్తడి గంగాళాలు. అత్తమ్మ వాటిని చూడనే లేదు. టకటకమని హాలు ఆ కొస దాకా నడిచింది. హాలు వెనక గదుల్లో, రెండో అర్రలో కుంటడం మొదలైంది. చెప్పు పట్టీ కింద కాలి తోలు లేచి నెత్తురు కారుతోంది.

"ఇప్పు అత్తమ్మా! పుండు ముదిరితే కాలే పోతది."

"బయటికి పొయినంక."

"ఇంక రెండర్రలున్నయి."

"ఉంటే నడుద్దాం."

ఇక లాభం లేదనుకుని, చంకలోని షారోన్‌ను దించి, దాని కాలి సాక్స్ ఒకటి తీసి మడిచి పట్టీ కింద దోపాను.

"గిన్నేండ్లకు నీ సదువు అక్కరకచ్చింది," అని మళ్లీ నడిచింది.

రెండర్రలూ చూసి పెద్ద దర్వాజా నుంచే బయటికి వచ్చింది. అక్కడా ఆగలేదు. తల ఎత్తుకుని గోడ పొడవునా కుంటుతూ నడిచింది. గోడ చివర, వాళ్ల నాయిన మళ్లీ చెప్పులు తొడుక్కునే చోట, రాయి మీద కూర్చుని కాలు చాపింది.

"ఇగ ఇప్పు."

సీసాలో నీళ్లతో పుండు కడిగి, పాత చెప్పులు ముందు పెట్టాను.